ఎలా ఉన్నావని అడగని అబ్బాయి

"కదిలావంటే నెత్తి పగలగొడతా!"

కాలేజీ పార్కింగ్‌లో ఆపి ఉన్న బస్సు. చివరి సీటు మీద కాళ్లు ముడుచుకుని పడుకున్న అబ్బాయి కళ్లు తెరిచేసరికి, డ్రాయింగ్ షీట్లు పెట్టుకునే పొడవాటి గొట్టాన్ని రెండు చేతులతో ఎత్తి పట్టుకుని ఒక అమ్మాయి నిలబడి ఉంది. మెళ్లో ఇయర్‌ఫోన్లు వేలాడుతున్నాయి. కళ్లు ఎర్రగా ఉన్నాయి. అది కోపమో, అంతకుముందు ఏడ్చిన ఏడుపో తేల్చుకునే తీరిక అతనికి లేదు.

"కదలనండీ. కదలడం నాకసలు పడదు. కావాలంటే మెకానికల్ బ్రాంచిలో ఎవర్నైనా అడగండి. కునుకు అంటే చాలు, చెప్తారు."

"కునుకా?"

"అమ్మానాన్నలు పెట్టింది కాదు లెండి. క్లాసువాళ్లు పెట్టారు."

"జోకులెయ్యకు. ఎప్పట్నుంచి ఉన్నావిక్కడ?"

"ఫస్ట్ అవర్ అటెండెన్స్ పడగానే వచ్చేశా."

"అంటే నేను రాకముందునుంచీ ఉన్నావు!" గొట్టం ఇంకో జానెడు పైకి లేచింది. "ఏం విన్నావు?"

"ఏం వినాలి?"

"నేను ఫోన్లో మాట్లాడింది!"

"చివర్లో థాంక్యూ డాక్టర్ గారూ అన్నారు చూడండి, దానికే మెలకువొచ్చింది. అంతకుముందు మీరు ఈ బస్సుని అమ్మేసినా నాకు తెలీదు. ఒట్టు."

ఒట్టు అంటూ చెయ్యి నెత్తి మీద పెట్టుకున్నాడు. గొట్టం దెబ్బ తప్పించుకోవడానికి కూడా అది పనికొస్తుందని అతని ఆశ. ఆ ఒట్టు అబద్ధపు ఒట్టు. అతనికి మెలకువ కాస్త ముందే వచ్చింది.

అమ్మాయి గొట్టం దించింది. నమ్మి కాదు, చేతులు నొప్పెట్టి.

ఆ అమ్మాయి బస్సులో కూర్చుని డాక్టర్‌తో మాట్లాడాల్సిన ఖర్మ ఎందుకు పట్టిందో చెప్పాలి. ఆ ఏడాది కాలేజీవాళ్లు ఒక మంచి పని చేశారు. పెద్దవాళ్లు మంచి పని మొదలుపెడితే సగంలో ఆపడం మామూలే కదా, ఇదీ అంతే. కాలేజీలో కౌన్సెలర్ లేరు. బయట మానసిక వైద్యుల దగ్గరికి వెళ్లాలంటే రెండు బస్సులు మారాలి, సగం రోజు క్లాసులు పోతాయి, వార్డెన్‌కి కారణం చెప్పాలి. ఆ కారణం సాయంత్రానికి హాస్టలంతా తెలుస్తుంది. అందుకని ఫోన్లోనే, వీడియో కాల్లో, డాక్టర్‌తో మాట్లాడుకునే ఏర్పాటు చేశారు. పిల్లలు పైసా కట్టక్కర్లేదు. గోడల నిండా పోస్టర్లు అంటించారు. 'మనసు బరువుగా ఉందా? మాట్లాడండి!' అని. ఎక్కడ కూర్చుని మాట్లాడాలో మాత్రం ఏ పోస్టరూ చెప్పలేదు.

హాస్టల్లో గదికి నలుగురు. పక్క గదిలో తుమ్మితే ఈ గదిలోంచి చిరంజీవ అనేంత పల్చటి గోడలు. లైబ్రరీలో గుసగుసలాడినా వేలు చూపిస్తారు. క్యాంటీన్లో గొంతు చించుకున్నా ఎదుటివాళ్లకి వినపడదు. మేడకి తాళం. పోనీ బాత్రూంలో మాట్లాడదామంటే బయట బకెట్లు పట్టుకుని లైను. కాలేజీ మొత్తం గాలించి ఆ అమ్మాయి కనిపెట్టిన ఏకైక ఏకాంత స్థలం, మధ్యాహ్నం పూట ఖాళీగా ఉండే ఆ బస్సు. అందులోనూ ఈ కునుకుగాడు తగలబడ్డాడు.

"సరే, నేను వెళ్లిపోతా. మళ్లీ ఇటు రాను. మీరు మాట్లాడుకోండి," అన్నాడు అతను లేస్తూ.

"అయిపోయింది కాల్. మళ్లీ వచ్చే బుధవారమే." సీటు అంచున కూలబడింది. "అప్పటికి నీలాంటివాడు ఇంకొకడు ఎక్కి పడుకోడని ఏంటి నమ్మకం?"

"నేను కాపలా ఉంటా."

"ఉండి వింటావు."

"వినను."

"వినట్లేదని నాకెలా తెలుస్తుంది?"

న్యాయమైన ప్రశ్నే. అతను తల గోక్కున్నాడు. "ఒక పని చేస్తా. నాకు థర్మోడైనమిక్స్ పోయింది. మళ్లీ రాయాలి. మీరు మాట్లాడినంతసేపూ ఆ పుస్తకం గట్టిగా చదువుతూ బస్సు చుట్టూ తిరుగుతా. నా గొంతు వినపడుతుంటే నేను వినట్లేదని గుర్తు. నోరూ చెవులూ ఒకేసారి పనిచేసేంత తెలివి నాకు లేదండీ. ఉంటే ఆ పేపరు పోయేదే కాదు."

అమ్మాయి నవ్వకూడదని పెదవి కొరుక్కుంది. కొంచెం నవ్వు బయటికి వచ్చేసింది.

ఆమె ఆర్కిటెక్చర్ చదువుతోంది. పేరు చెప్పింది గానీ, అతను ఆ రోజునుంచీ ఆర్కిటెక్ట్ గారూ అనే పిలిచాడు. కొన్ని బుధవారాలకి గారు ఊడిపోయింది, మీరు నువ్వయింది, కాపలా మాత్రం మానలేదు. ఆమె లోపల అద్దాలు మూసుకుని మాట్లాడుతుంటే అతను బయట పుస్తకం పట్టుకుని ప్రదక్షిణాలు చేస్తూ ఉష్ణం గురించి, పని గురించి గొంతెత్తి చదివేవాడు.

"ఏంటి బాబూ, బస్సుకి పాఠం చెప్తున్నావా?" అని డ్రైవర్ బాబాయ్ ఒకరోజు చెట్టు కింద నుంచి అడిగాడు.

"ఇంజన్ ఉంది కదా బాబాయ్, దానికి పనికొస్తుంది."

"అది నీకన్నా ముందే పాసైంది. నీ సంగతి చూసుకో."

అతను కూడా పాసయ్యాడు. మార్కులు చూసి లెక్చరర్ గారు ఎవరి పేపరు చూసి రాశావని అడిగారు. బస్సు పేపరు చూసి రాశానని చెప్పలేక ఊరుకున్నాడు.

కాల్ అయ్యాక ఇద్దరూ క్యాంటీన్‌దాకా నడిచేవారు. కొన్నిసార్లు ఆమె తేలిగ్గా ఉండేది, కొన్నిసార్లు దారంతా ఒక్క మాట మాట్లాడేది కాదు. అలాంటి రోజుల్లో అతను పనికిమాలిన ప్రశ్నలు వేసేవాడు.

"ఆ కాకి నిన్నటిదేనా, వేరేదా?"

"నాకేం తెలుసు?"

"నీ షీట్లో ఆ తలుపు ఎటు తెరుచుకుంటుంది?"

"లోపలికి."

"లోపల ఎవరైనా నిలబడి ఉంటే?"

"నీలాంటివాడు నిలబడి ఉంటే మొహం పగులుతుంది."

ఆమె అంటే అతనికి ఇష్టం. ఇందులో దాపరికం ఏమీ లేదు, ఆమెకి తప్ప అందరికీ తెలుసు. గురువారం మొదలుకొని మంగళవారందాకా అతనికి కాలం కదిలేది కాదు. డ్రాయింగ్ హాలు ముందు నుంచి పని లేకపోయినా నాలుగుసార్లు నడిచేవాడు. ఎవరి భుజాన అలాంటి గొట్టం కనపడినా అడుగు వేగం పెంచేవాడు, తీరా చూస్తే ఇంకెవరో. చెప్పేద్దామని ఎన్నోసార్లు అనుకున్నాడు. చెప్తే, ఆమెకి నచ్చకపోతే, ఆమె బస్సుకి రావడం మానేస్తుంది. బస్సుకి రాకపోతే డాక్టర్‌తో మాట్లాడే చోటు పోతుంది. తన ఇష్టం కోసం ఆమె బుధవారాలు పాడు చెయ్యడం అతనికి మనస్కరించలేదు. అందుకని ఇష్టాన్ని నోట్లోనే పెట్టుకుని కాకుల గురించి అడుగుతూ కాలక్షేపం చేశాడు.

ఒక బుధవారం కాల్ అయ్యేసరికి వాన పట్టుకుంది. ఇద్దరూ పార్కింగ్ రేకుల కింద ఇరుక్కుపోయారు. రేకుల మీద చినుకుల మోత. ఆమె ఆ రోజు హుషారుగా ఉంది. చెయ్యి చాపి చినుకులు పట్టుకుని అతని మొహం మీద చల్లింది.

"నిన్నొకటి అడగనా?" అంది.

"అడుగు."

"నువ్వు నన్నెప్పుడూ ఎలా ఉన్నావని అడగవు. గమనించావా?"

అతను మొహం తుడుచుకుంటున్న చెయ్యి అలాగే ఆగిపోయింది.

"అందరూ అడుగుతారు. వాచ్‌మన్ అడుగుతాడు. నా రూమ్మేట్ పళ్లు తోముకుంటూ అడుగుతుంది. నువ్వు కాకి బాగోగులు కూడా అడుగుతావు, నన్ను మాత్రం అడగవు. మొదట్లో పొగరనుకున్నా. తర్వాత చూస్తే, ఈ కాలేజీ మొత్తంలో నాకు ఊపిరాడేది నీ దగ్గరే. ఎందుకా అని ఆలోచిస్తే ఇదీ సంగతి." ఆమె నవ్వుతూ అతని కళ్లలోకి చూసింది. "ఎందుకడగవు?"

ఏదో ఒక జోకు వేసి తప్పించుకోవచ్చు. రోజంతా జోకులతోనే బతికే మనిషి. కానీ ఆమె కళ్లు అంత దగ్గర్లో ఉండగా అతనికి ఏదీ తోచలేదు. ఆలస్యం చేశాడు. ఆమె నవ్వు మెల్లగా ఆరిపోయింది.

"నువ్వు విన్నావు ఆ రోజు," అంది.

"ఒక్క ముక్కే."

"ఏ ముక్క?"

"ఎవరైనా ఎలా ఉన్నావని అడిగితే గొంతు పట్టేస్తుంది డాక్టర్ గారూ, ఆ మాట అడగని చోటు ఎక్కడైనా ఉంటే వెళ్లి కూర్చోవాలనుంది అన్నావు. అంతే. తర్వాత చెవులు మూసుకున్నా."

"మూసుకుని, ఏమీ వినలేదని ఒట్టేశావు."

"నువ్వు బాధపడతావని..."

"అలాంటి చోటు నాకు దొరికిందనుకున్నా ఇన్నాళ్లూ. దొరకలేదు. నా మాటే ఎత్తుకెళ్లి, దానికి నాలుగు గోడలు కట్టి, అందులో నన్ను కూర్చోబెట్టావు."

"అబద్ధం చెప్పడం తప్పే. కానీ నీ మంచికే కదా..."

ఆ మాట అనకుండా ఉండాల్సింది. ఆమె మొహం పాలిపోయింది.

"మా ఇంట్లోవాళ్లూ ఇదే అన్నారు," అంది. "అచ్చం ఇదే మాట."

ఆమె ఇంట్లోవాళ్ల సంగతి అతనికేం తెలుసు? అడిగేలోపు ఆమె గొట్టాన్ని గుండెకి హత్తుకుని వానలోకి దిగిపోయింది. షీట్లు తడుస్తాయని అతను వెనకనుంచి అరిచాడు. ఆమె వెనక్కి తిరగలేదు.

తర్వాతి బుధవారం ఆమె రాలేదు. ఆపై బుధవారమూ రాలేదు. అతను పుస్తకం పట్టుకుని బస్సు పక్కన నిలబడ్డాడు. చదవడానికి ఏమీ లేదు, పరీక్ష ఎప్పుడో పాసయ్యాడు. డ్రైవర్ బాబాయ్ చూసి ఏమీ అనకుండా బస్సు తలుపు తీసి ఉంచి వెళ్లాడు.

తనతో మాట్లాడకపోతే పోనీ, అది తను చేతులారా తెచ్చుకున్నదే. కానీ డాక్టర్‌తో మాట్లాడుతోందా? అతన్ని తినేసింది ఈ ప్రశ్న. క్యాంటీన్లో ఆమె కనపడేది. ఎవరైనా ఎలా ఉన్నావంటే బాగున్నా అని నవ్వేది. అతనికి ఆ నవ్వు చూస్తే ముద్ద దిగేది కాదు. దగ్గరికి వెళ్లే హక్కు లేదు, దూరంగా ఉండే ఓపిక లేదు. ఆమె కూర్చుని లేచిన కుర్చీ వైపు చూస్తూ కాఫీ చల్లార్చుకునేవాడు.

అంతలో నోటీసు వచ్చింది. వీడియో కౌన్సెలింగ్‌ని ఎవరూ వాడటం లేదు కాబట్టి ఈ నెలతో ఆపేస్తున్నామని, అభిప్రాయాలుంటే సెమినార్ హాల్లో చెప్పవచ్చని. ఫస్ట్ అవర్ తప్ప ఏ అవరూ చూడని కునుకు, ఆ మీటింగుకి అందరికన్నా ముందు వెళ్లి కూర్చున్నాడు. హాలు నిండింది. మూడు వరసల అవతల, పక్కన గొట్టం ఆనించుకుని ఆమె కూర్చుంది.

"అవసరం ఉందనుకుని పెట్టాం," అన్నారు ప్రిన్సిపాల్ గారు. "మన పిల్లలకి అవసరం లేదని తేలింది. సంతోషం."

అతను లేచాడు. "వాడట్లేదంటే అవసరం లేదని కాదు సార్. కూర్చుని మాట్లాడే చోటు లేదని."

"హాస్టల్ ఉంది కదా?"

"గదికి నలుగురం సార్. మిగతా ముగ్గురి ముందు ఏం మాట్లాడతారు?"

"ఇది నీ ఊహ. నిజంగా ఇబ్బంది పడినవాళ్లు ఉన్నారా? నీకు తెలిసి ఒక్కరు?"

అతనికి తెలిసి ఒక్కరున్నారు. ఎండలో, ఉక్కపోతలో, బస్సు అద్దాలు మూసుకుని మాట్లాడిన మనిషి. ఆ ఒక్క సంగతి చెప్తే చాలు, పేరు కూడా అక్కర్లేదు, ప్రిన్సిపాల్ గారు కరిగిపోతారు. హాలంతా అతని వైపే చూస్తోంది. ఆమె చూడటం లేదు. గొట్టం మూతని తిప్పుతూ తల వంచుకుని కూర్చుంది.

"ఉన్నాను సార్," అన్నాడు. "నేనే. నాకు కావాలి."

హాలు గొల్లుమంది. "నీకు కౌన్సెలర్ కాదురా, దిండు కావాలి!" అని వెనక వరసలోంచి ఎవరో అరిచారు. అతను నవ్వలేదు. నవ్వించే అవకాశం వచ్చినా నవ్వించకుండా నిలబడటం అతని జీవితంలో అదే మొదలు. నవ్వులు తమంతట తామే తగ్గాయి. ఆమె తలెత్తి చూసింది.

"ప్రొజెక్టర్ గది ఖాళీగానే ఉంది సార్," అన్నారు లైబ్రేరియన్ మేడమ్, పక్కనుంచి. "ఈ హాలుకి పై అంతస్తులోనే. గోడలకి గుడ్డ, తలుపుకి రబ్బరు. లోపల డోలు కొట్టినా బయటికి రాదు. టైము ఫోన్లోనే తీసుకునేలా పెడితే ఎవరొచ్చేదీ నాక్కూడా తెలియక్కర్లేదు."

ప్రిన్సిపాల్ గారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "సరే, కొన్నాళ్లు చూద్దాం," అన్నారు. అతని వైపు తిరిగి, "నువ్వే మొదలుపెట్టు," అన్నారు.

అలా ఇరుక్కున్నాడు. ఎవరికోసమో అన్న మాట, అందరి ముందూ అన్న మాట. మర్నాడే ప్రొజెక్టర్ గదిలో ఫోను ముందు కూర్చున్నాడు. తెర మీద డాక్టర్ గారు, పెద్దావిడ, నెమ్మదిగా మాట్లాడుతున్నారు.

"నాకేమీ లేదండీ," అన్నాడు. "ఊరికే వచ్చా."

"ఊరికే రావచ్చు. నిద్ర బాగా పడుతుందా?"

"ఆ విషయంలో నేను ఫేమస్సండీ. ఎక్కడ పడితే అక్కడ పడుకుంటా."

"అది పగలు కదా. రాత్రిళ్లు?"

ఆ ప్రశ్న అతన్ని అంతవరకు ఎవరూ అడగలేదు. జోకు కోసం వెతుక్కున్నాడు, దొరకలేదు. నోరు తెరిస్తే మాటలు వాటంతట అవే వచ్చాయి. నాన్నకి గుండెపోటు వచ్చి, ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చాక, ఆ వేసవంతా పక్కనే పడుకుని ఊపిరి వినపడుతోందా లేదా అని చెవి ఒగ్గి ఉండేవాడు. నాన్న ఇప్పుడు కులాసాగా ఉన్నారు, పొద్దున్నే నడుస్తున్నారు కూడా. కానీ దీపం ఆర్పగానే ఇక్కడ హాస్టల్లోనూ అతని చెవులు ఆ ఊపిరి కోసం వెతుకుతాయి. వినపడదు. నిద్ర రాదు. తెల్లారి క్లాసులో కళ్లు మూతలు పడతాయి. అందరూ నవ్వుతారు, అతనూ నవ్వుతాడు. చెప్పడం పూర్తయ్యేసరికి చొక్కా చెయ్యి తడిసిపోయి ఉంది.

ఆ తర్వాత మానకుండా వెళ్లాడు. ఒకరోజు చివర్లో ధైర్యం చేశాడు.

"డాక్టర్ గారూ, మా కాలేజీ నుంచి ఒక అమ్మాయి మీతో మాట్లాడేది. ఆర్కిటెక్చర్. మళ్లీ..."

"ఈ కాల్ మీ గురించి," అన్నారావిడ.

"వస్తోందా లేదా, అంతే. తల ఊపినా చాలు."

"నేను తల ఊపితే, రేపు మీ గురించి అడిగినవాళ్లకి కూడా ఊపాల్సి వస్తుంది. సరేనా?"

సరే అనక ఏం చేస్తాడు? ఆవిడ తల అంగుళం కూడా కదల్లేదు.

ప్రొజెక్టర్ గది తలుపు మీద చిన్న ఎర్రదీపం పెట్టారు. లోపల ఎవరైనా ఉంటే వెలుగుతుంది. క్యాంటీన్లో కిటికీ పక్కన కూర్చుంటే అది కనపడుతుంది. రానురాను అది ఆరి ఉండటమే తక్కువైంది. అందులో ఎవరెవరున్నారో ఎవరికీ తెలీదు. హాల్లో దిండు కావాలని అరిచినవాడు కూడా ఉండి ఉండవచ్చు. దీపం వెలిగినప్పుడల్లా లోపల ఆమే ఉండాలని అతను కోరుకునేవాడు. మెట్లు దిగి వచ్చేదెవరో చూడాలని ప్రాణం కొట్టుకునేది. తలుపు తెరుచుకునే వేళకి మొహం ఇంకోవైపు తిప్పుకునేవాడు. ఒకసారి దొంగచాటుగా విన్నది చాలు, ఇంక దొంగచాటుగా చూడటం కూడా ఎందుకని.

వానాకాలం చివర్లో, ఒక మధ్యాహ్నం, తన కాల్ ముగించుకుని గదిలోంచి బయటికి వచ్చాడు. మెట్ల మలుపులో ఆమె కూర్చుని ఉంది. గొట్టం ఒళ్లో పెట్టుకుని, జడ చివర్నించి నీళ్లు పిండుకుంటోంది.

"నీ టైం అయిపోయిందా?" అంది.

"అయింది."

"తర్వాతి టైం నాది."

"వస్తున్నావా? మానలేదా?"

"గది తెరిచిన వారంనుంచే వస్తున్నా."

అతను మెట్టు మీద కూలబడ్డాడు. మొహం రెండు చేతుల్లో దాచుకున్నాడు.

"ఇదేంటి, ఏడుస్తున్నావా?"

"లేదు. పైకప్పు కారుతోంది."

"కారట్లేదు. నేను ఆర్కిటెక్ట్‌ని, నాకు తెలుసు." ఆమె జడ వదిలేసి అతని వైపు తిరిగింది. "ప్రతిసారీ నువ్వు దిగి వెళ్లేదాకా ఆ కింద స్తంభం పక్కనే నిలబడేదాన్ని. ఒక్కసారన్నా తలెత్తుతావేమోనని. తలెత్తితే కదా!"

"ఎవరొచ్చేదీ చూడకూడదని రూలు పెట్టుకున్నా."

"తగలెయ్య నీ రూలు! ఎంత కాలం నిలబడ్డానో తెలుసా? క్యాంటీన్లో కూర్చో. వస్తా."

క్యాంటీన్లో అతను రెండు కాఫీలు తెచ్చి పెట్టాడు. వాన ఎక్కువైంది. ఎర్రదీపం వెలిగింది. అతను మొహం తిప్పుకోకుండా దాన్నే చూస్తూ కూర్చున్నాడు. అనుకున్నదానికన్నా త్వరగానే దీపం ఆరిపోయింది. ఆమె ఆవరణ దాటి పరుగెత్తుకుంటూ వచ్చి ఎదురుగా కూర్చుంది.

"ఆ రోజు హాల్లో నా సంగతి చెప్తావనే అనుకున్నా," అంది రొప్పు తగ్గాక. "చెప్తే పని తేలిగ్గా అయిపోయేది. నీ పరువూ దక్కేది."

"అది నేను చెప్పాల్సిన మాట కాదు కదా."

"కాదు." కాఫీ కప్పుని రెండు చేతులతో పట్టుకుంది. "నువ్వు విన్న ముక్క కూడా నేను నీకు చెప్పింది కాదు. ఇప్పుడు చెప్తా. మొదట్నుంచి చెప్తా. విను."

చెప్పింది. ఆమెని పెంచింది అమ్మమ్మ. మొదటి ఏడాది పరీక్షలప్పుడు రోజూ ఇంటికి ఫోన్ చేసి అమ్మమ్మ ఎలా ఉందని అడిగేది. బాగుందమ్మా, నువ్వు పరీక్ష బాగా రాయి అనేవారు. ఆఖరి పరీక్ష రాసి, అమ్మమ్మకి చలవ కళ్లద్దాలు కొని తీసుకుని ఇంటికెళ్లింది. మంచం గోడకి నిలబెట్టి ఉంది. పరుపు లేదు. ఆవిడ పోయింది మొదటి పరీక్ష రోజున.

"నా మంచికే చెప్పలేదన్నారు. నేనెవర్నీ ఏమీ అనలేదు. మార్కులు కూడా బాగా వచ్చాయి. అప్పట్నుంచి ఎవరైనా ఎలా ఉన్నావంటే నాకు ఆ మంచం కనపడుతుంది. బాగున్నా అని నా నోటితో అంటే, నేనూ వాళ్లలాగే అబద్ధం చెప్తున్నట్టు ఉంటుంది."

అతను జోకు వెయ్యలేదు. కాకి గురించి అడగలేదు. ఈసారి చెవులు మూసుకోవాల్సిన పని లేదు. ఆమె కళ్లు తుడుచుకునేదాకా ఆగాడు.

"ఆవిడ నిన్నేమని పిలిచేది?" అన్నాడు.

ఆమె ఆశ్చర్యంగా చూసింది. ఆ సంగతి ఇంతవరకు ఎవరూ అడగలేదు.

"మేస్త్రమ్మా అని," అంది. ఏడుపులోంచే నవ్వొచ్చింది. "చిన్నప్పుడు ఇంట్లో దిండ్లన్నీ లాగి ఇళ్లు కట్టేదాన్ని. మేస్త్రమ్మా, నాకో గది కట్టి పెట్టవే అనేది. లోపల దూరి కూర్చునేది కూడా. అంత పెద్ద మనిషి!"

వాన జల్లు టేబుల్ మీదికి కొడుతోంది. ఇద్దరూ పక్కకి జరగలేదు.

"ఇంకొకటి దాచాను నీ దగ్గర," అన్నాడు అతను. "చెప్పేస్తే ఇంక దాచినవేమీ ఉండవు. నువ్వంటే నాకు ఇష్టం. చాలా. ఎప్పట్నుంచో."

ఆమె కప్పులోకి చూస్తూ కూర్చుంది. "నేను ఇప్పుడు త్వరగా ఎందుకొచ్చేశానో అడగవేం?"

"ఎందుకొచ్చేశావు?"

"డాక్టర్ గారికి ఒక విషయం చెప్పా. ఒకబ్బాయంటే నాకు ఇష్టమండీ, వాడు నన్ను చూడకుండా తల దించుకుని వెళ్లిపోతుంటే ప్రాణం పోతోందని. ఈ సంగతి అతనికి తెలుసా అన్నారు. తెలీదన్నా. ఆవిడ నవ్వి, అయితే మిగతా టైము అక్కడ వాడుకోండమ్మా అన్నారు."

ఆమె చెయ్యి చాపి అతని చెయ్యి పట్టుకుంది. ఆ వేళ్లు వానకి చల్లగా ఉన్నాయి. ఇద్దరూ కాసేపు అలాగే వానని చూశారు. క్యాంటీన్ అక్క వచ్చి, చల్లారిన కాఫీలు తీసి వేడివి పెట్టి, ఏమీ చూడనట్టు వెళ్లింది.

"మరి నీది?" అంది ఆమె.

"నాదేంటి?"

"రాత్రిళ్లు ఎందుకు నిద్రపోవు?"

అతను ఉలిక్కిపడ్డాడు. "నీకెవరు చెప్పారు?"

"ఎవరు చెప్పాలి? పగలంతా పడుకునే మనిషి రాత్రంతా ఏం చేస్తుంటాడో ఆమాత్రం తెలీదా? బస్సు దగ్గర రోజులప్పుడే అనుకున్నా. అడిగితే నొచ్చుకుంటావేమోనని ఊరుకున్నా."

అతను ఆమె మొహంలోకి చూశాడు. కాఫీ కప్పు పక్కకి జరిపాడు.

"మా నాన్న..." అని మొదలుపెట్టాడు.

వాన హోరులో సరిగ్గా వినపడక, ఆమె తన కుర్చీ ఎత్తి తెచ్చి అతని పక్కన వేసుకుంది.